మూడంగుళాల ఎత్తు ఎక్కడ పెంచాలి? ట్రక్కు కిందా, మనం కూర్చునే చోటా?

టెక్సాస్‌లో పికప్ ట్రక్కు కొన్నవాణ్ని మైలేజ్ ఎంత అని ఎవరూ అడగరు. "లిఫ్ట్ ఎప్పుడు చేయిస్తున్నావ్?" అంటారు. డాలస్ చుట్టుపక్కల మన తెలుగువాళ్ల పార్కింగ్ లాట్లలో మొన్నటిదాకా క్యామ్రీలు, అకార్డులే కనిపించేవి. ఇప్పుడు మధ్యమధ్యలో టకోమాలు, ఎఫ్-150లు కూడా దర్శనమిస్తున్నాయి. ట్రక్కు వచ్చిన నెల తిరక్కుండానే దానికో జబ్బు పట్టుకుంటుంది. దాని పేరే లిఫ్ట్. ఎత్తు పెంచాలి, పెద్ద టైర్లు వేయాలి, ఇన్‌స్టాలో రీల్ పెట్టాలి.

తప్పేం లేదు, నాకూ పట్టుకుంది. నాది 2019 టకోమా, టీఆర్‌డీ ఆఫ్‌రోడ్, సెకండ్‌హ్యాండ్‌లో కొన్నా. ఈసారి కాలమ్ దాని గురించే. ఎందుకంటే 'లిఫ్ట్' అనే ఒక్క మాట కింద పూర్తిగా వేర్వేరైన రెండు పనులున్నాయి. రెండింటికీ షాపువాళ్లు చెప్పే కొలత ఒకటే. "మూడంగుళాలు సార్" అంటారు. ఆ మూడంగుళాలు ఎక్కడ పెరుగుతున్నాయో అడక్కపోతే జేబుకి చిల్లు పడటం గ్యారంటీ. ఒక్కోసారి ప్రాణం మీదకీ రావచ్చు.

ముందు ఎడ్లబండి

పికప్ ట్రక్కు ఎలా ఉంటుందో తెలియాలంటే ఎడ్లబండిని గుర్తు తెచ్చుకోండి. కింద చక్రాలు, వాటి మధ్య ఇరుసు. ఇరుసు మీద బండి చట్రం, ఆ పైన మనం కూర్చునే తొట్టి. టకోమా, ఎఫ్-150, సిల్వరాడో లాంటివన్నీ ఇదే పద్ధతి. కింద నిచ్చెనలాంటి ఉక్కు ఛాసిస్, దానికి ఇంజన్, గేర్‌బాక్స్, సస్పెన్షన్ అన్నీ బిగించి ఉంటాయి. పైన క్యాబిన్, వెనక బెడ్ వేరుగా తయారై, రబ్బరు దిమ్మల మీద కూర్చుని, బోల్టులతో ఛాసిస్‌కి బిగుస్తాయి.

బాడీ లిఫ్ట్ అంటే ఆ రబ్బరు దిమ్మల దగ్గర ప్లాస్టిక్ లేదా అల్యూమినియం దిమ్మలు అదనంగా పెట్టి, పొడుగు బోల్టులు వేసి, బాడీని ఛాసిస్ నుంచి పైకి లేపడం. తొట్టి కింద చెక్కముక్కలు పెట్టినట్టు అన్నమాట. తొట్టి లేస్తుంది. చట్రం, ఇరుసు ఎక్కడివక్కడే ఉంటాయి.

సస్పెన్షన్ లిఫ్ట్ అంటే చక్రాలకీ ఛాసిస్‌కీ మధ్య దూరం పెంచడం. ముందు పొడుగు స్ప్రింగులు, షాక్‌లు వేస్తారు. వెనక లారీల కింద కనిపించే కమాన్ కట్టల్లాంటివే ఉంటాయి కదా, వాటిని మారుస్తారు లేదా ఒక పట్టీ అదనంగా కలుపుతారు. ఛాసిస్, ఇంజన్, బాడీ అన్నీ కలిసి పైకి లేస్తాయి.

ఇంకో సంగతి. హోండా రిడ్జ్‌లైన్, ఫోర్డ్ మావెరిక్, హ్యుందాయ్ శాంటా క్రూజ్ కొన్నవాళ్లు 'బాడీ లిఫ్ట్' కాలమ్ దాటేయొచ్చు. చూడ్డానికి పికప్‌లే గానీ కట్టుబడి కారుదే. బాడీ, ఛాసిస్ విడివిడిగా ఉండవు. లేని అతుకు దగ్గర దిమ్మ పెట్టేదెక్కడ?

లెక్క చూద్దాం

నేను లిఫ్ట్ గురించి ఆలోచించడానికి కారణం బిగ్ బెండ్ నేషనల్ పార్క్. టెక్సాస్‌కి నైరుతి మూలన, మెక్సికో సరిహద్దులో, మా ఇంటి నుంచి ఎనిమిది తొమ్మిది గంటల డ్రైవ్. అందులో ఓల్డ్ ఓర్ రోడ్ అని దాదాపు 26 మైళ్ల మట్టి దారి ఉంది. రాళ్లు, గుంతలు, ఎండిన వాగులు. ఎత్తైన బండి ఉంటేనే వెళ్లమని పార్క్ వాళ్లే చెప్తారు. పార్కులో చాలాచోట్ల ఫోన్ సిగ్నల్ ఉండదు. అక్కడ ఛాసిస్ కింద ఏదైనా పగిలితే చేయగలిగింది ఇంకో బండి వచ్చేదాకా కూర్చోవడమే. కాబట్టి 'ఎత్తు' నాకు అందం విషయం కాదు. బండి కింద ఎంత ఖాళీ ఉంటుందన్నదే అసలు ప్రశ్న.

నేను వెళ్లిన ఒక షాపులో మాత్రం మూడంగుళాల బాడీ లిఫ్ట్ చూపించి, "చవగ్గా అదే గ్రౌండ్ క్లియరెన్స్ వస్తుంది" అన్నారు. రాదు. బాడీ లిఫ్ట్‌తో గ్రౌండ్ క్లియరెన్స్ సున్నా అంగుళాలు పెరుగుతుంది. రాయికి తగిలేవి ఛాసిస్, గేర్‌బాక్స్, డిఫరెన్షియల్, ఇంధన ట్యాంకు. అవన్నీ పాత ఎత్తులోనే ఉంటాయి కదా.

మరి బాడీ లిఫ్ట్ దేనికి? పెద్ద టైర్లకి చోటివ్వడానికి. ఇక్కడ టైరు మీద రాసి ఉండే నంబర్లు చదవడం నేర్చుకుంటే సగం పని అయిపోయినట్టే. నా బండికి కంపెనీ టైరు 265/70ఆర్16. అంటే వెడల్పు 265 మిల్లీమీటర్లు, పక్క గోడ ఎత్తు అందులో 70 శాతం, లోపలి రిమ్ము 16 అంగుళాలు. లెక్కేస్తే మొత్తం ఎత్తు 777 మిల్లీమీటర్లు, అంటే దాదాపు 30.6 అంగుళాలు. అదే రిమ్ము మీద అందరూ 'థర్టీ త్రీస్' అని మురిపెంగా పిలిచే 285/75ఆర్16 వేస్తే 834 మిల్లీమీటర్లు, దాదాపు 32.8 అంగుళాలు. తేడా 2.2 అంగుళాలు. ఇరుసు చక్రం మధ్యలో ఉంటుంది కాబట్టి అందులో సగమే మనకి దక్కుతుంది. అంటే 1.1 అంగుళం.

ఇప్పుడు పక్కపక్కన పెట్టి చూడండి. మూడంగుళాల బాడీ లిఫ్ట్, పెద్ద టైర్లు కలిపితే క్యాబిన్ 4.1 అంగుళాలు లేస్తుంది, ఛాసిస్ కింద ఖాళీ 1.1 అంగుళమే పెరుగుతుంది. రెండున్నర అంగుళాల సస్పెన్షన్ లిఫ్ట్, అవే టైర్లు అయితే క్యాబిన్ 3.6 అంగుళాలు, ఛాసిస్ కూడా 3.6 అంగుళాలు. ముందు డిఫరెన్షియల్ నా బండిలో ఛాసిస్‌కే వేలాడుతుంది కాబట్టి అదీ లేస్తుంది.

కానీ సస్పెన్షన్ పార్టీవాళ్లు చెప్పని ముక్క ఒకటుంది. వెనక డిఫరెన్షియల్, అదే ఇరుసు మధ్యలో ఉండే గుమ్మడికాయ, ఏ లిఫ్ట్ చేసినా పైకి లేవదు. ఎడ్లబండి ఇరుసు ఎత్తుని చక్రం సైజే నిర్ణయిస్తుంది. ఇక్కడా అంతే. రెండు లిఫ్టుల్లోనూ దానికి దక్కేది టైరు ఇచ్చిన ఆ 1.1 అంగుళమే. దారిలో ఒక్క పెద్ద రాయి మధ్యలో ఉంటే, ఎంత డబ్బు పోసిన సస్పెన్షన్ అయినా గుమ్మడికాయని కాపాడదు. స్టీరింగ్ పట్టుకున్నవాడే టైరుని రాయి మీదికెక్కించి దాటాలి.

బాడీ లిఫ్ట్‌ని మరీ తీసిపారేయొద్దు

ఇంత చెప్పాక బాడీ లిఫ్ట్ పనికిమాలినదనుకుంటారేమో. కాదు. సస్పెన్షన్‌ని ముట్టుకోదు కాబట్టి నడక మారదు, వీల్ అలైన్‌మెంట్ మారదు, ఇరుసులకి వెళ్లే షాఫ్టుల కోణం మారదు. హైవే మీద బండి కంపెనీ నుంచి వచ్చినట్టే పోతుంది. ఇంజన్, ఛాసిస్ లాంటి బరువైన సామానంతా కిందే ఉండిపోతుంది కాబట్టి బండి గురుత్వ కేంద్రం కూడా మరీ పైకి పోదు. ఒక్క అంగుళం బాడీ లిఫ్ట్ చేసి, టైరు ఫెండర్‌కి రాసుకోకుండా చూసుకునేవాళ్లు చాలామందే ఉన్నారు. అది తెలివైన పనే.

చిక్కంతా మూడంగుళాల దగ్గరే వస్తుంది. బాడీకీ ఛాసిస్‌కీ మధ్య వెళ్లేవన్నీ సాగాలి. స్టీరింగ్ షాఫ్టుకి పొడిగింపు ముక్క వేయాలి. రేడియేటర్ బాడీతో లేస్తుంది, ఇంజన్‌తో తిరిగే ఫ్యాన్ కిందే ఉంటుంది, కాబట్టి ఫ్యాన్ చుట్టూ ఉండే తొడుగుని సర్దాలి. పెట్రోల్ పోసే గొట్టం, వైర్లు, ఎర్త్ పట్టీలు, బంపర్ బ్రాకెట్లు అన్నీ చూసుకోవాలి. ఇవన్నీ ఓపిగ్గా చేసే మెకానిక్ దొరికితే సరే. కిట్టు చవక, కానీ ఆ ఓపిక చవక కాదు. ఇక పక్క నుంచి చూస్తే చక్రం పైన ఛాసిస్‌కీ బాడీకీ మధ్య సందు కనిపిస్తుంది. పొట్టి ప్యాంటు వేసుకున్న పెద్దమనిషిలా ఉంటుంది. దాన్ని దాచడానికి రబ్బరు షీట్లు కూడా అమ్ముతారు.

ఇంకో తమాషా. టకోమాకి 33 అంగుళాల టైరు వేస్తే స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడు అది క్యాబిన్ దిమ్మని మోసే బ్రాకెట్‌కి రాసుకోవడం మామూలే. ఆ బ్రాకెట్ ఛాసిస్‌కి వెల్డింగ్ చేసి ఉంటుంది. బాడీని ఎంత లేపినా అది కదలదు. కోసి, మళ్లీ వెల్డింగ్ చేయాల్సిందే.

సస్పెన్షన్ లిఫ్ట్ ఖర్చు బిల్లులో ఆగదు

సస్పెన్షన్‌లోనూ రకాలున్నాయి. అన్నిటికంటే చవకది ముందు స్ట్రట్ నెత్తిన దిమ్మ పెట్టడం. లీవర్ సూత్రం వల్ల అంగుళం దిమ్మ పెడితే చక్రం దగ్గర దాదాపు రెట్టింపు లేస్తుంది. కానీ స్ప్రింగు, షాక్ పాతవే. పార్కింగ్‌లో ఎత్తుగా కనిపించే బండి, గుంతల్లో ఠప్పున కొట్టుకుంటుంది. అసలైన లిఫ్ట్ అంటే కొత్త స్ప్రింగులు, కొత్త షాక్‌లు, వెనక కొత్త కమాన్ కట్టలు.

ముందు లేపితే చక్రాల కోణాలు మారతాయి. ముఖ్యంగా క్యాస్టర్ తగ్గితే హైవే మీద స్టీరింగ్ నిలకడగా ఉండదు, అటూఇటూ తిరుగుతుంటుంది. దాన్ని సరిచేయడానికి పైన కంట్రోల్ ఆర్మ్‌లు మార్చాలి, ఆ తర్వాత అలైన్‌మెంట్. ముందు చక్రాలకి శక్తినిచ్చే షాఫ్టులు ఏటవాలుగా తిరిగి, వాటి రబ్బరు తొడుగులు త్వరగా అరుగుతాయి. వెనక్కి వెళ్లే రెండు ముక్కల షాఫ్టు బయల్దేరేటప్పుడు వణకొచ్చు. మూడంగుళాలు దాటాలంటే ముందు సస్పెన్షన్ మొత్తాన్ని కిందికి దించే బ్రాకెట్లు వేయాలి, కొన్ని కిట్లలో ఛాసిస్ అడ్డపట్టీ కోయాలి. అక్కడితో వెనక్కి వెళ్లే దారి మూసుకుపోయినట్టే.

నాకు వచ్చిన కొటేషన్లు చెప్తా. మూడంగుళాల బాడీ లిఫ్ట్, బిగింపుతో కలిపి 950 డాలర్లు. రెండంగుళాల మంచి సస్పెన్షన్, కంట్రోల్ ఆర్మ్‌లు, అలైన్‌మెంట్‌తో కలిపి 3,400 డాలర్లు. టైర్లు వేరే. నాకది రెండు నెలల అద్దె.

టైర్లు మార్చాక స్పీడోమీటర్ కూడా అబద్ధం చెప్తుంది. 30.6 నుంచి 32.8కి వెళ్తే చక్రం ఒక్కో తిరుగుడికి ఏడు శాతం ఎక్కువ దూరం పోతుంది. మీటర్‌లో 70 కనిపిస్తే అసలు వేగం 75. టికెట్ రాసే పోలీసుకి ఈ లెక్క చెప్పినా వినడు.

గడ్డి లోడు ట్రాక్టర్

ఈ లెక్కలన్నీ నాన్నకి వీడియో కాల్‌లో చెప్తే, ఆయన ఒక్కటే అడిగాడు. "ఏరా, మనూళ్లో గడ్డి లోడు ట్రాక్టర్లు చెరువుగట్టు మలుపులోనే ఎందుకు పడతాయో తెలుసా?"

"లోడు ఎక్కువై."

"బరువెక్కువై కాదురా, ఎత్తెక్కువై. అంతే బరువు ఇసకేస్తే పడదు."

అంతకంటే బాగా ఏ పాఠ్యపుస్తకమూ చెప్పలేదు. అమెరికాలో రోడ్డు భద్రత చూసే ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ సంస్థ, బండి పల్టీ కొట్టే అవకాశం లెక్కేయడానికి వాడేది సరిగ్గా ఇదే సూత్రం. ఎడమ, కుడి చక్రాల మధ్య దూరాన్ని, గురుత్వ కేంద్రం ఎత్తుకి రెట్టింపుతో భాగించాలి. వచ్చిన సంఖ్య ఎంత పెద్దదైతే అంత మంచిది. ఉదాహరణకి చక్రాల మధ్య 63 అంగుళాలు, కేంద్రం ఎత్తు 27 అంగుళాలు అనుకోండి. 63ని 54తో భాగిస్తే 1.17. కేంద్రం రెండంగుళాలు లేస్తే 63ని 58తో భాగించాలి, 1.09. చూడ్డానికి చిన్న తేడా. కానీ 75 మైళ్ల వేగంలో ముందు లారీ టైరు ముక్క పడి, స్టీరింగ్ ఠక్కున తిప్పినప్పుడు ఆ తేడానే మనల్ని రోడ్డు మీద ఉంచేదో, పక్కకి పడేసేదో.

2012 మోడల్ నుంచి ఇక్కడి కార్లకీ, పికప్‌లకీ ఎలక్ట్రానిక్ స్టెబిలిటీ కంట్రోల్ తప్పనిసరి. అది కాపాడుతుంది, నిజమే. కానీ కంపెనీ దాన్ని ట్యూన్ చేసింది కంపెనీ ఎత్తుకి. ముందు బండిని చూసి బ్రేకేసే కెమెరా, రాడార్‌లదీ అదే కథ. ఎత్తు మారాక వాటిని మళ్లీ క్యాలిబ్రేట్ చేయించాలి. కొటేషన్‌లో అది ఉందో లేదో అడగండి. నాకు వచ్చిన మూడు కొటేషన్లలో రెండింట్లో లేదు.

హెడ్‌లైట్ల సంగతి మర్చిపోవద్దు. టెక్సాస్‌లో అవి నేల నుంచి 24 అంగుళాలకి తగ్గకుండా, 54 అంగుళాలు దాటకుండా ఉండాలి. మీ బండి ఆ లెక్కలోనే ఉన్నా, ఎత్తు పెంచాక లైట్లు కిందికి సర్దకపోతే ఎదురుగా వచ్చే క్యామ్రీలో ఉన్న మనవాడి కళ్లు బైర్లు కమ్ముతాయి. ముందు మాత్రం బాగా లేపి వెనక కిందికి కూర్చోబెట్టే స్టైల్‌ని నార్త్ కరోలినా 2021లో, వర్జీనియా 2022లో, సౌత్ కరోలినా 2023లో చట్టం పెట్టి ఆపాయి. షార్లెట్, ర్యాలీలో ఉన్న తమ్ముళ్లు గమనించగలరు.

అమ్మ మోకాళ్లు

ఏ కిట్టు పెట్టె మీదా రాయని కొలత ఒకటుంది. ఎక్కే మెట్టు ఎత్తు. మే నెలలో అమ్మానాన్న వస్తున్నారు, ఆర్నెల్లు ఉంటారు. అమ్మకి మోకాళ్ల నొప్పులు. గుడికెళ్లాలన్నా, ఇండియన్ స్టోర్‌కెళ్లాలన్నా ఈ ట్రక్కే గతి, నాకు రెండో బండి లేదు. బాడీ లిఫ్ట్‌తో 4.1 అంగుళాలు, సస్పెన్షన్‌తో 3.6 అంగుళాలు. ఏదైనా సరే అమ్మ ప్రతిసారీ అంత ఎక్కువ ఎత్తుకి కాలు వేయాలి. "మామా, సైడ్ స్టెప్ పెట్టించెయ్" అన్నాడు రూమ్మేట్. కిందికి వేలాడే సైడ్ స్టెప్ పెడితే, డబ్బు పోసి సంపాదించిన ఖాళీని మళ్లీ మనమే పూడ్చుకున్నట్టు. రాళ్ల దారిలో మొదట తగిలేది అదే.

అందుకని ఇలా తేల్చుకున్నా. 33 అంగుళాల టైర్లు వద్దు. 265/75ఆర్16 చాలు. అది 31.6 అంగుళాలు, గుమ్మడికాయ కింద అర అంగుళం వస్తుంది. రెండంగుళాల సస్పెన్షన్ లిఫ్ట్, కొత్త స్ప్రింగులు, షాక్‌లతో. బాడీ లిఫ్ట్ లేదు. మొత్తం రెండున్నర అంగుళాలు. రాళ్లకి తగిలే చోట ఛాసిస్ కింద ఇనప రేకులు. అమ్మ కోసం వెనక సీటు కింద ఓ చెక్కపీట. ఓల్డ్ ఓర్ రోడ్‌కి ఇది సరిపోతుంది. పార్కింగ్‌లో పక్క ట్రక్కు నాకంటే ఎత్తుగా ఉంటుంది, ఉండనీ.

మన ఊళ్లో అయితే?

హైదరాబాద్, విజయవాడల్లో ఇసుజు వీ-క్రాస్, టొయోటా హైలక్స్ నడిపే దోస్తులకి ఒక మాట. అవీ ఛాసిస్ మీద బాడీ పెట్టిన బళ్లే, కాబట్టి పైన చెప్పిన యంత్ర సూత్రాలన్నీ వర్తిస్తాయి. చట్టం మాత్రం వేరు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం, ఆర్సీలో నమోదైన వివరాలు కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్‌కి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే తేల్చి చెప్పింది. సెక్షన్ 182ఏ కింద యజమానికి ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆర్నెల్ల వరకు జైలు, లేదా రెండూ పడొచ్చు. ఇన్సూరెన్స్ క్లెయిమ్ దగ్గరా పేచీ తప్పదు. ఇక్కడ రీల్ చూసి అక్కడ చేయించొద్దు.

అమెరికాలో ఉన్నవాళ్లకి వారంటీ గురించి కూడా చెప్పాలి. "లిఫ్ట్ చేస్తే వారంటీ మొత్తం పోయినట్టే" అని డీలర్ బెదిరిస్తే, 1975 నాటి మాగ్నసన్-మాస్ చట్టం ఉందని గుర్తుపెట్టుకోండి. బయటి పార్టు వేశారన్న ఒక్క కారణంతో వారంటీ మొత్తం రద్దు చేయలేరు. మీరు వేసిన పార్టు వల్లే చెడిందని చూపించాలి. అలాగని లిఫ్ట్ చేశాక షాఫ్టు తొడుగు చిరిగితే ఫ్రీగా మార్చమని అడిగితే వాళ్లూ నవ్వుతారు.

షాపుకి వెళ్లే ముందు టేపు తీసుకుని మీ బండి కింద పడుకోండి. నేలకి అన్నిటికంటే దగ్గరగా ఉన్నదేంటో చూసి కొలవండి. తర్వాత కిట్టు అమ్మేవాణ్ని ఒక్క ప్రశ్న అడగండి: "అన్నా, ఇది బిగించాక ఈ కొలత ఎంతవుతుంది?" జవాబు అంగుళాల్లో వస్తే కూర్చుని మాట్లాడండి. "లుక్ అదిరిపోద్ది" అని వస్తే, ఆ డబ్బుతో ముందు మంచి టైర్లు వేయించుకోండి.